గడి: మెదక్–సంగారెడ్డి సీమలో దొరల నివాసం, భూవ్యవస్థ

గడి అంటే తెలంగాణ పల్లెల్లో దేశ్‌ముఖ్, దేశ్‌పాండ్యా, జాగీర్దార్, మక్తేదార్ వంటి భూస్వాములు నివసించిన కోటవంటి భవనం. ఒకే ప్రాకారంలో ఇల్లు, కచేరి, ధాన్యపు కొట్లు, పశువుల కొట్టాలు ఉండేవి. ఊరి భూమి, నీరు, మనుషుల శ్రమ మీద దొర చేసే అజమాయిషీకి అదే కేంద్రం. అందుకే వాడుకలో గడి అన్న మాట భవనానికీ, దాని వెనుక ఉన్న అధికారానికీ కలిపి చెల్లింది. ‘గడి నుంచి పిలుపొచ్చింది’ అంటే ఎవరు పిలిచారని ఊళ్లో ఎవరూ అడగరు. ఈ వ్యాసం పాత మెదక్ జిల్లాను, ముఖ్యంగా నేటి సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతాన్ని ఆధారంగా తీసుకుని గడీల పుట్టుక, నిర్మాణం, ఆర్థికం, పతనం, తర్వాతి వినియోగాలను వివరిస్తుంది.

పరిధి

గడిని మూడింటి నుంచి వేరుచేసి చూడాలి. గోల్కొండ, మెదక్ వంటివి రాజ్యరక్షణకు కట్టిన దుర్గాలు. వాటిలో సైన్యం ఉండేది, కిల్లేదారు ఉండేవాడు. హైదరాబాద్‌లోని దేవిడీలు నవాబుల, ఉమ్రావుల నగర నివాసాలు. వాటికి జాగీర్ల ఆదాయం చేరేది గానీ సాగు కనబడేది కాదు. గద్వాల, వనపర్తి వంటి పెద్ద సంస్థానాల రాజభవనాలు మరో కోవ. గడి ఈ మూడింటికన్నా చిన్నది, పల్లెకు మరింత దగ్గరిది. అయితే హద్దు గీత అంత కచ్చితంగా ఉండదు. దోమకొండ సంస్థానాధీశుల నివాసాన్ని కోట అని రాసినా, గడి అనే పిలిచేవారు ఇప్పటికీ ఉన్నారు. మరాఠ్వాడా, విదర్భ దేశ్‌ముఖ్‌ల గఢీలు దీనికి దగ్గరి చుట్టాలు.

పుట్టుక

దేశ్‌ముఖ్, దేశ్‌పాండ్యా పదవులు అసఫ్‌జాహీ నిజాంల కంటే పాతవి. పరగణాలో శిస్తు వసూలు దేశ్‌ముఖ్ పని, లెక్కల దస్త్రం దేశ్‌పాండ్యాది. పంతొమ్మిదో శతాబ్ది మధ్యదాకా నిజాం ప్రభుత్వం శిస్తు వసూలును గుత్తకు ఇచ్చేది. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ ఆ పద్ధతిని తీసివేసి, 1865 నుంచి జిలాబందీ తెచ్చాడు. రాజ్యం జిల్లాలుగా, తాలూకాలుగా విడిపోయింది. జీతం తీసుకునే ఉద్యోగులు వసూలు చేపట్టారు. పని పోయిన దేశ్‌ముఖ్, దేశ్‌పాండ్యాలకు పరిహారంగా రుసుం అనే వార్షిక భత్యం, వతన్ భూములు దక్కాయి.

సంస్కరణ ఉద్దేశం మధ్యవర్తులను తప్పించడం. జరిగింది అందుకు విరుద్ధం. సర్వే, బందోబస్తు సాగుతున్న కాలంలో ఏ పొలం ఎవరిదో చెప్పే కాగితాలు దేశ్‌ముఖ్, దేశ్‌పాండ్యాల ఇళ్లలోనే ఉన్నాయి. దస్త్రం చేతిలో ఉన్నవాడి పేరే సర్వే తరువాత తయారైన మొదటి భూమి రిజిస్టరు సేత్వార్‌లోకి ఎక్కింది. బీళ్లు, బంచరాయిలు, చెరువు కింది మాగాణులు అలా పట్టాలుగా మారాయి. శిస్తు వసూలు చేసే నౌకరు భూమి యజమాని అయ్యాడు. నేడు నిలిచి ఉన్న గడీల్లో చాలావాటి ప్రస్తుత రూపం ఈ దశ తరువాత వచ్చిందే.

పాపన్నపేట సంస్థానం

మెదక్ సీమలో గడి చరిత్రకు పెద్ద ఉదాహరణ పాపన్నపేట. నిజాం రాజ్యంలోని హిందూ సంస్థానాలు పద్నాలుగని చెప్పే జాబితాలో దీని పేరుంది. మంజీర తీరపు ఈ వంశం మొదట ఆందోల్‌లో, తరువాత పాపన్నపేటలో కేంద్రం పెట్టుకున్నట్టు స్థానిక చరిత్రలు చెబుతాయి. వాటిలో ప్రధాన పాత్ర పద్దెనిమిదో శతాబ్దికి చెందిన రాణీ శంకరమ్మది. ఆందోల్ దగ్గరి సంగుపేట ఆమె పుట్టిల్లనీ, మరాఠాలతో పోరులో నిజాం పక్షాన నిలిచి ‘రాయబాగన్’ అనే బిరుదు పొందిందనీ అంటారు. ఇదే బిరుదు పదిహేడో శతాబ్దిలో మాహూర్ దేశ్‌ముఖ్ వంశానికి చెందిన సావిత్రీబాయికీ ఉంది. అందువల్ల బిరుదు చుట్టూ అల్లుకున్న కథలను చదివేటప్పుడు కొంత ఆచితూచి చదవాలి.

శంకరమ్మ వంశం జ్ఞాపకం భవనాల కంటే ఊళ్ల పేర్లలో గట్టిగా నిలిచింది. సంగారెడ్డి పట్టణానికి ఆమె కొడుకు పేరు, సదాశివపేటకు ఆ వంశపు సదాశివరెడ్డి పేరు, శంకరంపేటలకు ఆమె పేరే వచ్చాయని ప్రతీతి. పేటలు ఊరికే వెలిసినవి కావు. దారి వెంట సంత పెట్టించి, సాలెవారిని, కోమట్లను రప్పించి పన్ను రాబట్టుకోవడం సంస్థానాలకు ఆదాయమార్గం. సదాశివపేట చాలాకాలం పెద్ద వర్తక కేంద్రంగా నిలిచింది.

సంస్థానపు ఆయకట్టుకు మంజీర ఆధారం. పాపన్నపేట మండలంలోనే నది ఏడుపాయలుగా చీలిన చోట వనదుర్గ ఆలయం ఉంది. శివరాత్రి జాతర అక్కడ పెద్దది. దాని ఎగువన ఘనపురం ఆనకట్టను నిజాం ప్రభుత్వం 1905లో పూర్తిచేసింది. ఫతేనహర్, మహబూబ్‌నహర్ అనే రెండు కాలువలు దాని నీటితోనే పారతాయి. నదీ జలం ప్రభుత్వ ఇంజినీర్ల చేతికి వెళ్లడం కూడా సంస్థానాల పట్టు సడలడంలో ఒక మెట్టు.

సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలు ఉంది. దాన్ని 2016లో మ్యూజియంగా మార్చి, రుసుం చెల్లించినవారు ఒక రోజు ఖైదీలా గడిపే ఏర్పాటు చేశారు. ఇది గడి కాదు, ప్రభుత్వ కట్టడం. అయినా ఆ కాలపు గోడల పనితనం ఈ పట్టణంలో దగ్గరగా చూడాలంటే అదే మంచి చోటు.

కట్టడం

గడిని ఊరి మధ్యన గానీ, ఊరికి ఎగువన మిట్ట మీద గానీ కట్టేవారు. చుట్టూ రాతి లేదా మట్టి ప్రహరీ, మూలలకు గుండ్రని బురుజులు, తూర్పుకో ఉత్తరానికో పెద్ద దర్వాజ. ఏనుగు అంబారీతో దూరేంత ఎత్తు పెట్టించామని చెప్పుకోవడం దొరతనానికి గుర్తు. ఏనుగు ఉందా లేదా అన్నది వేరే సంగతి. టేకు తలుపులకు ఇనుప గుబ్బలు, అడ్డంగా గోడలోకి జరిగే గడియ మాను, ఒక రెక్కలో మనిషి వంగి దూరే దిడ్డి తలుపు ఉండేవి. పెద్ద తలుపు దొర సవారీకి, పండుగలకు తెరిచేవారు. మిగతా ఊరు దిడ్డిలోంచే, తల వంచుకునే లోపలికి వెళ్లేది.

లోపల మొదటి ఆవరణ బయటివారిది. మొగసాలలో కావలివాళ్లు, పక్కన కచేరి. కచేరిలో మున్షీ దస్త్రాలు, దొర కూర్చునే గద్దె లేదా పడకకుర్చీ. పంచాయితీలు, దండుగలు, కౌళ్ల మాటలు అన్నీ ఇక్కడే తేలేవి. రెండో ఆవరణ ఇంటివారిది. నడుమ వాన, ఎండ పడే ఖాళీ చోటు, చుట్టూ కంబాల దలాన్, దాని వెనుక అర్రలు. ఈ భవంతి నమూనా తెలంగాణలో సంపన్నుల ఇళ్లన్నిటిలోనూ కనిపించేదే. గడిలో అది ఒకటికి రెండు మూడుగా పెరిగింది. వెనుక ఆవరణలో వంటశాల, బావి, దంపుడు కొట్టం, దాసీల గదులు, పశువుల కొట్టాలు. ధాన్యం గుమ్ముల్లో, నేలలో తవ్విన పాతర్లలో దాచేవారు. జొన్న పాతర నోటికి గడ్డి, మట్టి కప్పి మూసేస్తే ఏళ్లతరబడి నిలిచేది. కరువు సంవత్సరంలో ఆ పాతరే దొర బలం.

గోడలకు రాయి, ఇటుక. కలపడానికి డంగు సున్నం. సున్నం, ఇసుక కలిపి గుండ్రటి రాతి కాలువలో పోసి, ఎద్దులు లాగే రాతి చక్రంతో రోజులకొద్దీ నూరేవారు. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు అందులో పోసేవారు. గోడపూతకు నూరిన సున్నాన్ని మరింత మెత్తగా చేసి, పైపూతను నున్నటి రాయితో రుద్దితే గచ్చు అద్దంలా మెరిసేది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో కట్టిన గడీల్లో ఇనుప దూలాలు, రంగుటద్దాల కిటికీలు, విదేశీ పలకలు చేరాయి. నగర దేవిడీలను చూసి దొరలు పల్లెకు తెచ్చుకున్న షోకులవి.

భూమి: రకాలు, హక్కులు

నిజాం రాజ్యపు భూమి దాదాపు 5.3 కోట్ల ఎకరాలు. అందులో సుమారు 60 శాతం ప్రభుత్వం నేరుగా శిస్తు తీసుకునే దివానీ, అంటే ఖాల్సా. దాదాపు 30 శాతం జాగీర్లు, పాయెగాలు, సంస్థానాల కింద ఉండేది. మిగిలిన పది శాతం నిజాం సొంత ఖర్చులకు చెందిన సర్ఫెఖాస్. హైదరాబాద్ చుట్టుపట్ల ఊళ్లలో సర్ఫెఖాస్ వాటా ఎక్కువ. పటాన్‌చెరు పరిసరాల్లో ఇది, జాగీరు, మక్తా, ఖాల్సా గ్రామాలు పక్కపక్కనే ఉండేవి (చూ. జాగీర్దారీ, సర్ఫెఖాస్).

గడి భూమిలో దొర సొంత సాగు కింద ఉన్నది శేరి. దాన్ని జీతగాళ్లు, వెట్టివాళ్లు దున్నేవారు. మిగతాది కౌలుకు. దొర పట్టాదారు, సాగుచేసేవాడు షిక్మీదారు. షిక్మీదారుకు కాగితం ఉండేది కాదు. ఏ ఏడైనా తొలగించవచ్చు. 1945 నాటి అసామీ షిక్మీ చట్టం ఆరేళ్లు సాగుచేసినవారికి రక్షణ ఇవ్వబోయింది గానీ, అమలు చేయాల్సిన పటేల్, పట్వారీలు గడి మనుషులే కావడంతో అది కాగితాలకే పరిమితమైంది.

కమతాల పరిమాణంలో తేడా చాలా ఉంది. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య లెక్క ప్రకారం విసునూరు దేశ్‌ముఖ్‌కు 40 వేల ఎకరాలు, సూర్యాపేట ప్రాంతపు జన్నారెడ్డి కుటుంబానికి లక్షన్నర ఎకరాలు ఉండేవి. ఇవి నల్లగొండ అంకెలు. వీటిని తెలంగాణ అంతటికీ అన్వయించడం తరచుగా జరిగే పొరపాటు. నగరానికి దగ్గరగా ఉన్న మెదక్ దక్షిణ తాలూకాల్లో ఒకే దొర కింద ఒకటి రెండు ఊళ్లు ఉండడమే ఎక్కువ.

యంత్రాంగం, వెట్టి

గడికి ఊళ్లో ముగ్గురు చేతులుగా పనిచేసేవారు. శిస్తు చూసే మాలీ పటేల్, శాంతిభద్రతల పోలీస్ పటేల్, లెక్కల పట్వారీ. ఈ పదవులు వంశపారంపర్యం, వాటిపై వతన్ హక్కు చాలాచోట్ల దొర కుటుంబానిదే. దూరపు ఊళ్లలో శేరి చూసుకోవడానికి శేరిదారు ఉండేవాడు.

వెట్టి కులాల వారీగా పంచి ఉండేది. చాకలి బట్టలు ఉతకడం, మంగలి ఒళ్లు పట్టడం, కుమ్మరి కుండలు ఇవ్వడం, బోయలు మేనా మోయడం, గొల్లలు పండుగకు గొర్రెలు తోలడం, గౌండ్లవారు కల్లు దింపి ఇవ్వడం. మాల మాదిగలది అన్నిటికన్నా బరువైన వాటా: శేరి సాగు, కబురు మోత, అధికారులు వస్తే సామాను మోత. దొర బిడ్డ అత్తవారింటికి వెళ్తే వెంట పంపే ఆడబాపలది ఇంకా దారుణమైన స్థితి. వారికి పెళ్లి, జీతం, ఇంటికి తిరిగి వెళ్లే హక్కు ఏదీ లేదు.

అప్పు వెట్టికి గొలుసు. నాగు పద్ధతిలో వానాకాలంలో తీసుకున్న గింజలకు పంటనాడు ఒకటిన్నర రెట్లు కొలవాలి. కొలవలేనివాడు తానో, కొడుకో భాగేలాగా జీతం ఉండాలి. నిజాం ప్రభుత్వం 1936లో భాగేలా ఒప్పందాల నియంత్రణ చట్టం చేసింది. ఒప్పందాలు చాలావరకు నోటిమాటవే కావడంతో దాన్ని పట్టుకుని కోర్టుకెక్కిన జీతగాళ్లు అరుదు.

ఇదంతా నిజమే అయినా, గడి చేసిన మరికొన్ని పనులూ నమోదు చేయాలి. చెరువుల మరమ్మతు, గుడుల నిర్వహణ, పండితులకు, భాగవతులకు పోషణ చాలా గడీల లెక్కల్లో కనబడతాయి. ఆ ఖర్చు వెనుక ఉన్న శ్రమలో ఎంత వెట్టి అన్నది ఆ లెక్కల్లో కనబడదు.

ప్రతిఘటన

తెలంగాణ రాజకీయ మేలుకొలుపు మొదటి సభ ఈ ప్రాంతంలోనే జరిగింది. నిజాం రాష్ట్ర ఆంధ్రమహాసభ ప్రథమ సమావేశం 1930 మార్చిలో జోగిపేటలో, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన నడిచింది. విద్య, సంఘ సంస్కరణ దాని ప్రధానాంశాలు. వెట్టి, భూమి ప్రశ్నలు తర్వాతి సభల్లో ముందుకు వచ్చాయి. 1944 భువనగిరి సభ తరువాత సంస్థ కమ్యూనిస్టులు, మితవాదులుగా చీలింది. మితవాదుల పక్షం 1946లో సంగారెడ్డి దగ్గరి కందిలో జమలాపురం కేశవరావు అధ్యక్షతన సభ జరిపింది. అదే ఏడు జూలై 4న విసునూరు దొర మనుషుల కాల్పుల్లో కడవెండిలో ఆంధ్రమహాసభ కార్యకర్త దొడ్డి కొమరయ్య మరణించాడు. ఆ తరువాత కమ్యూనిస్టుల నాయకత్వంలో సాయుధ పోరాటం నల్లగొండ, వరంగల్, ఖమ్మం ప్రాంతాల్లో చెలరేగింది. అక్కడ గడీల మీద దాడులు జరిగాయి, పత్రాలు తగలబడ్డాయి, దొరలు పట్నం చేరారు. మెదక్‌లో పోరాటం అంత విస్తృతంగా లేదు (చూ. తెలంగాణ సాయుధ పోరాటం).

గడీలు రెండోసారి ఖాళీ అయింది 1978 తరువాత, ఉత్తర తెలంగాణలో. ఆ ఏడు సెప్టెంబరు 7న రైతుకూలీల ప్రదర్శన అయిన జగిత్యాల జైత్రయాత్ర, అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం వరుసగా జరిగాయి. ఖాళీ గడీల్లో కొన్నింటిలో పోలీసు క్యాంపులు వెలిశాయి.

చట్టాలు

1948 సెప్టెంబరులో హైదరాబాద్ భారత యూనియన్‌లో కలిసింది. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారు హోదాను సృష్టించింది. దాని 38-ఇ సెక్షన్ కింద సాగుదారుకు యాజమాన్యపు ధ్రువపత్రం ఇవ్వవచ్చు. 1952 అతియాత్ విచారణ చట్టం ఇనాం, జాగీర్ల వారసత్వ వివాదాలకు. 1955 ఇనాంల రద్దు చట్టం ఇనాం భూములకు. 1973 భూపరిమితి చట్టం మాగాణికి 10 నుంచి 27, మెట్టకు 35 నుంచి 54 ఎకరాల గరిష్ఠ హద్దు పెట్టింది. 1985 నాటికి పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది.

ఒక్కో చట్టానికీ, దాని అమలుకూ మధ్య దొరికిన వ్యవధిలో భూములు చేతులు మారాయి. కొంత సాగుచేసే రైతులకే అమ్మారు, కొంత బంధువుల పేర రాశారు.

పటాన్‌చెరు: సేద్యపు భూమి నుంచి పరిశ్రమకు

సంగారెడ్డి దక్షిణ భాగంలో గడి కథను మలుపు తిప్పింది తుపాకీ కాదు, భూసేకరణ. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ కర్మాగారం మొదలైంది. 1972లో పటాన్‌చెరు వద్ద అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఏర్పడింది. సుమారు 1,400 హెక్టార్ల క్షేత్రం కోసం మన్మూల్, కాచిరెడ్డిపల్లి ఊళ్లను తరలించారు. అదే దశకంలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ, ఆ వెనుక బొల్లారం, పాశమైలారం వచ్చాయి. 1980లలో ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ, 2008లో మొదలైన ఐఐటీకి కందిలో 576 ఎకరాల ప్రాంగణం.

ఈ భూముల్లో పట్టాలు, ప్రభుత్వ బంచరాయిలు, పాత ఇనాములు అన్నీ ఉన్నాయి. దీనివల్ల గడి కాగితానికి కొత్త విలువ వచ్చింది. ఇవాళ ముత్తంగి దగ్గరో, ఇస్నాపూర్ దగ్గరో ప్లాటు కొనేవాడి వకీలు ముందుగా అడిగేది సేత్వార్, 1954–55 భూమి లెక్కల రిజిస్టరు ఖాస్రా పహాణీ. జాగీరు, ఇనాం భూమైతే హక్కును గుర్తించే పత్రం మున్తఖబ్ కూడా చూస్తారు. రక్షిత కౌలుదారు పేరు ఒక పాత రిజిస్టరులో ఉండి, పట్టాదారు వారసులు మరొకరికి అమ్మేసిన కేసులు దశాబ్దాలుగా కోర్టుల్లో నడుస్తున్నాయి. దొర ఊరు విడిచి యాభై ఏళ్లైనా అతని సంతకం భూమి మీద ఉంది.

గడీల తర్వాతి జీవితం

పెద్ద భవనాలకు ప్రభుత్వం అండ దొరికింది. వనపర్తి ప్యాలెస్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. గద్వాల కోటలో డిగ్రీ కళాశాల. దోమకొండ కోటను కామినేని కుటుంబం సంరక్షింపజేయగా, 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో ‘అవార్డ్ ఆఫ్ మెరిట్’ దక్కింది. చిన్న గడీల గతి వేరు. వాటాలు కుదరక కొన్ని మూతపడ్డాయి, కొన్నింట బడులు, కార్యాలయాలు, గోదాములు వచ్చాయి. టేకు కంబాలు, చెక్కడపు దర్వాజలు ఊడదీసి పాతసామాను వర్తకులకు అమ్మడం మామూలే. నగరంలోని హోటళ్లలో, ఫామ్‌హౌసుల్లో అలంకారంగా కనబడే పాత తలుపుల్లో కొన్ని ఇలా వచ్చినవే.

సంరక్షణపై రెండు అభిప్రాయాలున్నాయి. కట్టడ నైపుణ్యానికి, స్థానిక చరిత్రకు సాక్ష్యాలుగా గడీలను కాపాడాలని వారసత్వ సంస్థలు కోరుతున్నాయి. వెట్టి చేసిన కులాల వారసులు, వారి రచయితల్లో కొందరు ఆ భవనాన్ని ఎవరి శ్రమతో కట్టారో ఫలకం మీద రాయకుండా సున్నం పూయడాన్ని ఆక్షేపిస్తున్నారు.

ఇతర దేశాల్లో పోలికలు

యూరప్‌లో డెన్మార్క్ మేనర్లు దగ్గరి పోలిక. అక్కడా కౌలురైతు దొర శేరిలో నిర్ణీత దినాలు ఉచితంగా పనిచేయాలి. 1733లో వచ్చిన కట్టుబాటు పల్లె మగవాళ్లను పుట్టిన ఎస్టేటుకే కట్టేసింది. 1788లో దాన్ని రద్దుచేశాక కౌలురైతులు క్రమంగా భూయజమానులయ్యారు. విడదీయరాని వారసత్వ ఎస్టేట్లను 1919 చట్టం ముగించి, భూమిలో మూడో వంతును చిన్న కమతాల కోసం పరిహారంపై ప్రభుత్వానికి అప్పగించమంది. యూట్లాండ్‌లోని గామెల్ ఎస్త్రుప్ 1930 నుంచి మ్యూజియం. డెన్మార్క్‌లో శతాబ్దికి పైగా పట్టిన మార్పు తెలంగాణలో 1946 నుంచి 1975 లోపు జరిగింది. అక్కడి ఎస్టేటు దస్త్రాలు భద్రంగా అభిలేఖాగారాలకు చేరాయి. ఇక్కడివి చాలావరకు కాలిపోయాయి, చెదలు తిన్నాయి, లేదా కోర్టు దస్త్రాల్లో చిక్కాయి.

సాహిత్యం, సినిమా

గడి జీవితానికి తెలుగు నవలల్లో వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, దాశరథి రంగాచార్య ‘చిల్లరదేవుళ్ళు’ ప్రధాన ఆధారాలు. మొదటిదాన్ని జైలు జీవితం చూసిన కార్యకర్త రాశాడు. రెండోది గడి లోపలి ఆడవాళ్ల స్థితిని నేరుగా చూపింది. గౌతమ్ ఘోష్ దర్శకత్వం వహించిన ‘మా భూమి’ని చాలావరకు మెదక్ జిల్లా మంగళ్‌పర్తిలో తీశారు; 1980లో విడుదలైంది. దాని నిర్మాతల్లో ఒకరైన బి. నర్సింగరావు మెదక్ జిల్లా ప్రజ్ఞాపూర్‌లో భూస్వామి కుటుంబంలో పుట్టినవాడు. ఆయన 1988లో తీసిన ‘దాసి’ కథ 1920ల నాటి ఒక గడి నాలుగు గోడల మధ్యే సాగుతుంది. ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటి, ఛాయాగ్రహణం, కళాదర్శకత్వం, దుస్తుల రూపకల్పనల్లో ఆ చిత్రానికి ఐదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. కళాదర్శకుడు చిత్రకారుడు తోట వైకుంఠం.